పద్నాలుగో పాఠం

జూన్ 3, మంగళవారం

గవ్వా,

నీ నోటుపుస్తకంలోనే రాస్తున్నాను. ముందు పేజీల్లో నువ్వు కొనాలనుకున్న మైకులూ వైర్లూ రాసుకున్నావు. నేను వెనక అట్ట దగ్గర్నుంచి మొదలుపెట్టాను. నా రాత చూసి నవ్వకు. అయిదో తరగతి చదువు, ఒత్తులు తప్పుతాయి. బిల్లు పుస్తకంలో చొక్కాలు రెండు, గౌను ఒకటి అని తప్ప ఇన్ని అక్షరాలు నేనెప్పుడూ రాసిందాన్ని కాదు.

పొద్దున నీ ఫోను మోగింది. దానికి రోజూ ఛార్జింగు పెడుతున్నాను, ఎందుకని అడక్కు. మైకుల షాపాయన. నువ్వు చెప్పిన రెండు రకాలూ వచ్చాయట. అమ్మాయిగారు ఒకసారి వచ్చి రెండిట్లోనూ మాట్లాడి చూసుకోవాలట. మైకు ఏదైనా గొంతును బట్టి ఎంచాలట. అమ్మాయిగారు ఎప్పుడొస్తారు అన్నాడు.

"వస్తుంది" అన్నాను.

అబద్ధమాడాలని కాదు. ఇన్నేళ్ళూ నీకోసం ఎవరొచ్చినా గుమ్మంలో నిలబడి అన్న మాటే, నోరు దానంతటదే అనేసింది.

నువ్వు వెళ్ళి ముప్పై మూడు రోజులు. జ్వరం పదకొండు రోజులుంది. ఇంకేం రాయను. ఒక్కటి మాత్రం రాసిపెడతాను, రేపు నాకే గుర్తుండదేమోనని. మొదటిరోజు నీ గదిలోంచి నీళ్ళడిగావు. పిలిచిన వెంటనే వచ్చాను.

జూన్ 4

నీ గదిలోకి వెళ్ళలేదు. తుడవడానికి వెళ్ళాను, అంతే.

జూన్ 6, శుక్రవారం

మళ్ళీ ఫోను. తీసీ తియ్యగానే "అక్కా, పద్నాలుగో పాఠం ఇంకా రాలేదేం" అంది ఒక పిల్ల. నువ్వు చెప్తూ ఉండేదానివే, ఆ పిల్ల. చూపు లేదని, సహకార సంఘంలో ఉద్యోగానికి చదువుతోందని, పుస్తకం చదివి పెట్టేవాళ్ళు లేరని, నువ్వు చదివి పంపితే వింటూ చుక్కల అక్షరాల్లో రాసుకుంటుందని. నేను ఆ పిల్లతో మాట్లాడటం ఇదే మొదలు. అక్క కాదు, అక్కవాళ్ళమ్మని అన్నాను. వెంటనే గొంతు మార్చి, బాగున్నారా అమ్మా అంది.

పద్నాలుగు నుంచి పద్దెనిమిది దాకా అయిదు పాఠాలున్నాయట. పరీక్ష ముప్పయ్యో తారీఖు. ఇది రెండోసారి రాయడం, మూడోసారి రాయనివ్వరట. పద్నాలుగులోంచే ఎక్కువ ప్రశ్నలొస్తాయట. అక్కకి ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

బాగాలేదన్నాను. పాఠాలు మాత్రం వస్తాయి, నువ్వు దిగులు పెట్టుకోకు అన్నాను.

మీ నాన్న డిపో నుంచి రాగానే చెప్పాను. చేతుల గ్రీజు కడుక్కుంటూ విన్నాడు. ఎవరు చదువుతారని అడిగాడు. నీ గది తలుపు వైపు చూసి, నేనే అన్నాను.

"నువ్వు పేపర్లో సినిమా పేర్లే కూడబలుక్కుంటావు కదే" అన్నాడు.

కూడబలుక్కున్నా చివరికి చదువుతాను కదా అన్నాను. సబ్బు మళ్ళీ రాసుకున్నాడు, అప్పటికే చేతులు తెల్లగా ఉన్నాయి.

జూన్ 9, సోమవారం

మైకుల షాపంటే, చెప్పుల షాపు మీద మేడ మెట్లెక్కితే ఒక గది. గోడలనిండా వైర్లు చుట్టలు చుట్టి వేలాడుతున్నాయి. ఆయన వయసు మీ నాన్నకంటే పెద్దే, కళ్ళజోడుకి తాడు కట్టుకున్నాడు. అమ్మాయి రాలేదా అన్నాడు. ఊళ్ళో లేదన్నాను. సరే కూర్చోండమ్మా అని కాగితం తీసుకున్నాడు.

గొంతు సన్నమా, లావా అని అడిగాడు. చదివేటప్పుడు కదులుతుందా, కుదురుగా కూర్చుంటుందా. మాట చివర తేల్చేస్తుందా, నొక్కుతుందా. ఊపిరి గట్టిగా తీస్తుందా. ఈ నెలరోజులూ నీ గురించి అందరూ అడిగింది ఒక్కటే, ఎలా జరిగిందని. ఈయన అడిగింది నువ్వు ఎలా మాట్లాడతావని. నాకు అన్నీ తెలుసు గవ్వా. ఒక్కదానికి కూడా తడుముకోలేదు. ముందుపళ్ళ మధ్య సందు వల్ల 'స' దగ్గర చిన్న ఈల వస్తుందన్నాను. నవ్వొచ్చేముందు ముక్కుతో గాలి వదులుతుందన్నాను. చదివేటప్పుడు కుడికాలు ఊపుతుంది, కుర్చీ కిర్రుమంటుంది, కుర్చీ మార్చాలన్నాను. ఆయన అన్నీ రాసుకున్నాడు, నేను కొలతలు రాసుకున్నట్టు.

అంతా అయ్యాక కాగితం పక్కన పెట్టి, కొలతలు చెప్తే చాలదమ్మా మనిషి రావాలి అన్నాడు. నేను నా దగ్గరకొచ్చేవాళ్ళతో అనే మాటే. పోనీ మీరు మాట్లాడండి, తల్లీకూతుళ్ళ గొంతులు ఒక వరసలోనే ఉంటాయి అని చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టాడు.

మొదటి మైకు బాగుంది. రేడియోలో మనిషిలా ఉన్నాను. రెండోది పెట్టాడు. నేనింకా నోరు తెరవలేదు. ఏదో పెద్ద చప్పుడయింది. ఏమిటా అని చూస్తే నేను గుటక వేశాను, అంతే. చెయ్యి కదిపితే గుడ్డకి గుడ్డ రాసుకున్న చప్పుడు. యాభై రెండేళ్ళుగా ఈ ఒంట్లో ఉంటున్నాను, ఇన్ని చప్పుళ్ళు చేస్తున్నానని నాకు తెలీదు. ఏదో ఒకటి మాట్లాడండి అన్నాడు. "ఏం మాట్లాడాలో నాకు తెలీదండీ" అన్నాను.

ఆ 'తెలీదండీ' నేననలేదు గవ్వా. నువ్వన్నావు. చివర అలా దింపి వదిలెయ్యడం నీదే. నా గొంతు అడుగున నువ్వున్నావు. ఎప్పట్నుంచి ఉన్నావో. నాకు ఆ కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

ఆయన మొదటిదే తీసుకోమన్నాడు. రోడ్డు పక్క ఇల్లు, పైగా ఇంట్లో కుట్టుమిషను, రెండోది అన్నీ వింటుంది, మీరే విసుక్కుంటారు అన్నాడు. మిషను ఆపేస్తానన్నాను. ఎంతసేపని ఆపుతారు, అది మీ పని కదా అన్నాడు.

చదివినంతసేపూ ఆపుతాను అన్నాను. ఆ మాట కాస్త గట్టిగా వచ్చినట్టుంది. ఆయన రెండోదే కట్టాడు.

మైకుని కంప్యూటరుకి కలిపే పెట్టె కూడా కావాలి. చదివేది ఒక్కరే కాబట్టి ఒక చిల్లుది చాలన్నాడు. నువ్వు రెండు చిల్లులది రాసుకున్నావు. అదే ఇమ్మన్నాను.

జూన్ 10

గదిని కూడా కొలవాలట. ఆయన చెప్పిన కొలత ఏమిటంటే, ఖాళీగదిలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టడం. చప్పుడు తిరిగొస్తే గది పనికిరాదు, కొట్టినచోటే ఆగిపోతే పనికొస్తుంది.

నీ గది మధ్యలో నిలబడి కొట్టాను. తిరిగొచ్చింది. అలమర పక్కన కొట్టాను. తిరిగొచ్చింది. మంచం మీదికెక్కి కొట్టాను. గుమ్మంలో మీ నాన్న నిలబడి ఉన్నాడు, ఎప్పటినుంచో. మొహం తెల్లబోయింది.

"డాక్టరు దగ్గరికి వెళ్దామా" అన్నాడు మెల్లిగా.

చెప్పేసరికి నాకు నవ్వొచ్చింది. మీ నాన్నకి రాలేదు. చెప్పులు విడిచి లోపలికొచ్చి, నాలుగు మూలలా తనూ కొట్టాడు. ఈ మూల మరీ గట్టిగా వస్తోంది అన్నాడు. ఇంజనుకి చెవి పెట్టి రోగం కనిపెట్టేవాడు కదా.

జూన్ 13, శుక్రవారం

మూడు రోజులు బొంతలు కుట్టాను. మూటల్లో పడున్న ముక్కలన్నీ తీశాను. లోపల పాత దుప్పట్లు, మీద మందం గుడ్డ. గోడలకి, తలుపుకి, పైకప్పుకి కూడా. మీ నాన్న మేకులు కొట్టాడు. మైకు ముందు పెట్టే జల్లెడ షాపులో తీసుకోలేదు. 'ప', 'బ' అన్నప్పుడు నోటిగాలి తగలకుండా ఆపేది కదా, నా ఎంబ్రాయిడరీ చట్రానికి రెండు పొరలు నెట్టుగుడ్డ బిగించాను. ఇది వాళ్ళు అమ్మేదానికంటే బాగుంది, గొప్ప కాదు.

సాయంత్రం వెళ్ళి తలుపేసి చప్పట్లు కొట్టాను.

రాలేదు.

నోట్లో వేసుకున్న చక్కెరలా చప్పుడు ఉన్నచోటే కరిగిపోయింది. వీధి లేదు. ఫ్యాను లేదు. ముందు భయమేసింది, చెవులు పోయాయనుకున్నాను. కాసేపటికి లోపల్నుంచి ఏదో వినిపించడం మొదలుపెట్టింది, దడ్ దడ్ మని. నా గుండే. ఇంత నిశ్శబ్దం గుడ్డతో కుట్టొచ్చని నాకెవరూ చెప్పలేదు. అన్నానికి పిలిచేదాకా అందులోనే కూర్చున్నాను.

జూన్ 14

షాపాయన ఇంటికొచ్చి అన్నీ కలిపిపెట్టాడు. గదిలో అడుగుపెట్టి నాలిక చప్పరించి చూశాడు, ఎవరు చేశారని అడిగాడు. నేనే అంటే, బొంతల అంచులు పట్టుకుని చూసి తల ఊపాడు.

సాఫ్ట్‌వేరు రెండు రకాలు చూపించాడు. ఒకటి నువ్వు టిక్కు పెట్టుకున్నది. విమానం నడిపేవాళ్ళ గదిలా ఉంది, ఎక్కడ చూసినా బొత్తాలే, బాణీలు కూడా కట్టొచ్చట. రెండోదానికి ఒక ఎర్ర బొత్తాం, ఒక గీత. చదువు పంపడానికి ఇది చాలన్నాడు. చిన్నదే పెట్టించాను. ఈ ఒక్కదాంట్లో నీ మాట కాదన్నాను, ఏమనుకోకు. నాకు అన్ని బొత్తాలు తెలిసేలోపు ఆ పిల్ల పరీక్ష అయిపోతుంది.

మాట్లాడితే గీత లేచింది. ఊరుకుంటే పడుకుంది. కుట్టు వేసినట్టే ఉంది, దగ్గర కుట్టు, దూరం కుట్టు. తప్పు చదివినచోట ముక్క కత్తిరించి రెండంచులూ జరిపితే అతుక్కుంటుంది. ఇది నా పనే కదండీ అన్నాను. ఆయన నవ్వి ఇంకో బొత్తాం చూపించాడు. కత్తిరించింది మళ్ళీ వచ్చేసింది, అసలు కత్తెర పడనట్టు. ముప్పై ఏళ్ళు కత్తెర పట్టాను, ఒకసారి తెగిన గుడ్డ మళ్ళీ గుడ్డవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఇరవైసార్లు నొక్కి చూసుంటాను.

ఎంతవరకు వెనక్కి వెళ్తుందండీ అని అడిగాను. ఫైలు తెరిచిన దగ్గరివరకు అన్నాడు.

అంతేనా అన్నాను.

వెళ్ళేముందు, సాఫ్ట్‌వేరుకి పేరివ్వాలి, అమ్మాయి పేరు చెప్పండి అన్నాడు. నా పేరు రాయండన్నాను. వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. నావైపు చూడలేదు, తెరవైపే చూస్తూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత ఒక్కో అక్షరం అడిగి నా పేరు కొట్టాడు.

నీ పాత పాఠాలు కంప్యూటర్లో వరసగా ఉన్నాయి. పద్నాలుగు కూడా ఉంది, సగం. అది తెరవలేదు. పదిహేనుతో మొదలుపెడతాను. ఏదైతే ఏముంది.

జూన్ 16, సోమవారం

పదిహేను చదివాను. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే మధ్యాహ్నం రెండయింది. 'కార్యనిర్వాహకవర్గం' అనే మాటకి మూడు ఊపిరులు పట్టాయి. సహకార సంఘాల పుస్తకం రాసినాయన ఎవరో గానీ, నోటితో ఎప్పుడూ చదువుకుని ఉండడు. మీ నాన్న సెలవు పెట్టాడు. ఫ్రిజ్జు గొణుగుతోందని తీసేశాడు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని, హారను కొట్టేవాళ్ళందరికీ చెయ్యి అడ్డం పెట్టాడట. ఎదురింటావిడ ఏం జరుగుతోందని అడిగితే, లోపల రికార్డింగు అన్నాడట, అదేదో రోజూ జరిగేదే అన్నట్టు.

పంపించాను.

జూన్ 17

ఆ పిల్ల ఫోన్ చేసింది. "అమ్మా, పక్కగదిలో కూర్చుని చదివారా" అంది.

తప్పు నాదే. ఆ మైకుకి ఒకవైపు అచ్చు వేసిన గుర్తు ఉంది. దుస్తుల మీద పువ్వున్న వైపు బయటికి కనపడాలి కదా, అలాగే గుర్తు వచ్చేవాళ్ళకి కనపడేలా తలుపువైపు తిప్పి పెట్టాను. అది ముందువైపట, అటే వింటుందట. అయిదు గంటలు మైకు వీపుకి చదివాను. గుడ్డ మంచివైపేదో తిరగవైపేదో చీకట్లో వేలితో చెప్పగలను, పిల్లకి చదివేటప్పుడు మాత్రం తిరగేసి కూర్చున్నాను.

మళ్ళీ చదువుతానన్నాను. సరే అంది. ఫోను పెట్టెయ్యలేదు.

"అక్క లేదు కదూ అమ్మా" అంది.

అక్క ఉంటే అక్కే చదివేది కదా, మీరెందుకు చదువుతారు, మొన్నే తెలిసింది, అడగలేకపోయాను అంది.

"లేదమ్మా" అన్నాను. ఆ మాట అనడం ఇదే మొదటిసారి. ఇంటికొచ్చిన అందరికీ మీ నాన్నే చెప్పాడు.

అవతల ముక్కు చీదింది. మళ్ళీ చదవండి, కానీ ఇదే నడకలో చదవండమ్మా, అక్క పరిగెత్తేది, నేను రాసుకోవడానికి ఆపి ఆపి వినేదాన్ని, మీతో అయితే నా చెయ్యి ఆగక్కర్లేదు అంది.

జూన్ 20

పదిహేను, పదహారు పంపించాను. పద్నాలుగు తెరవలేదు.

జూన్ 23, సోమవారం

పదిహేడు. గొంతు పట్టేసింది. మీ నాన్న వేడినీళ్ళు ఇచ్చి ఇవాళ్టికి చాలు అన్నాడు. ఆపలేదు.

ఈ పని మొదలుపెట్టినప్పటినుంచి అన్నీ వినపడుతున్నాయి గవ్వా. గాజుగ్లాసు పెట్టిన చప్పుడూ స్టీలుగ్లాసు పెట్టిన చప్పుడూ కాదు, నిండుగ్లాసు పెట్టిన చప్పుడూ ఖాళీది పెట్టిన చప్పుడూ తెలుస్తోంది. మీ నాన్న మెట్ల మీద ఏ మెట్టుకి ఆగి ఊపిరి తీసుకుంటాడో తెలుస్తోంది. నువ్వు ఇలాంటి చెవులతో ఈ ఇంట్లో తిరిగేదానివా?

జూన్ 25

పద్దెనిమిది అయింది. పద్నాలుగు మిగిలింది.

రేపు.

జూన్ 26, గురువారం

తెరిచాను.

పాత మైకుతో చదివావు, వీధంతా ఉంది అందులో. గీతలో నువ్వు మాటకి ముందు తీసుకునే ఊపిరి చిన్న బుడిపెలా కనిపిస్తుంది. ఊపిరి కూడా కంటికి కనిపిస్తుందంటే నమ్ముతావా? వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ విన్నాను. పంతొమ్మిది నిమిషాల దాకా ఏ అడ్డూ లేదు. గొంతు కాస్త బొంగురుపోయింది. సర్వసభ్య సమావేశానికి కావలసిన కనీస, అని ఆగావు. దగ్గావు. కుర్చీ కిర్రుమంది.

"అమ్మా, కొంచెం నీళ్ళు" అన్నావు.

దూరంగా నేను. వస్తున్నా అన్నాను.

మిషను ఆగలేదు.

తెర మీద టైము పరిగెడుతూనే ఉంటుంది కదా. మిషను ఇరవై నిమిషాలకీ నడుస్తోంది. ఇరవై ఒకటికీ నడుస్తోంది. స్కూలు పిల్లల యూనిఫారాలు అవి, మర్నాడు ఇవ్వాలి. వెంటనే వచ్చానని ఈ పుస్తకంలో రాశాను. కొట్టెయ్యను, అలాగే ఉండనీ. నాలుగు నిమిషాల పది సెకన్లు. గీత ముందుకు జరుపుకుంటూ మిషను ఎక్కడ ఆగిందా అని మూడుసార్లు చూశాను, తగ్గలేదు.

హెడ్‌ఫోన్లు తీసి కింద పెట్టేశాను. మీ నాన్న తలుపు తీసి నన్ను చూసి, నేల మీద నా పక్కనే కూర్చున్నాడు. తనూ చెవికి పెట్టుకుని విన్నాడు. వింటూ వింటూ నా చెయ్యి పట్టుకుని, నువ్వు మొత్తం విన్నావా అన్నాడు. లేదన్నాను.

"విను" అన్నాడు.

ఆ నాలుగు నిమిషాలూ నువ్వు ఊరికే లేవు. ఎర్ర బొత్తాం ఆపలేదు. మెల్లిగా, నవ్వుతూ, ఆ పిల్లతో మాట్లాడుతున్నావు. "వినపడుతోందా, మా అమ్మ మిషను. ఇదంతా తర్వాత కోసేస్తాలే, ఇప్పుడు మాత్రం విను. తిన్నగా పోతోందా, అది అంచు. ఇప్పుడు నెమ్మదిస్తుంది చూడు, మూల తిప్పాలి." మిషను నెమ్మదించింది. "తిప్పింది. మళ్ళీ పరుగు. మా అమ్మ కుడుతుంటే కళ్ళు మూసుకున్నా కాలరా చెయ్యా చెప్పెయ్యొచ్చు. ఇప్పుడు దారం తెంపుతుంది." మిషను ఆగింది. కత్తెర టిక్కుమంది. "చెప్పానా" అన్నావు.

నాకు తెలీదు గవ్వా. నేను కుడుతుంటే ఎవరో వింటున్నారని నాకు తెలీదు. ముప్పై ఏళ్ళుగా అది రొద అనుకున్నాను. నువ్వు చదువుకుంటుంటే చెవులు మూసుకుంటున్నావేమోనని సిగ్గుపడ్డాను కూడా.

తర్వాత అడుగులు. గ్లాసు. ఏంటే ఒళ్ళిలా కాలిపోతోంది, అంటున్నాను. అక్కడ గీత అయిపోయింది.

నాలుగు నిమిషాలు నాలుగు నిమిషాలే. అవి నావి, మోస్తాను. కానీ నువ్వు వాటిని ఎలా గడిపావో ఇప్పుడు నాకు తెలుసు.

జూన్ 27, శుక్రవారం

ఫైలుకి ఇంకో నకలు తీసి దాచాను, షాపాయన ఫోన్లో చెప్పినట్టు. అది మనిద్దరిదీ, మీ నాన్నదీ. ఆ పిల్లకి వెళ్ళాల్సింది పాఠం. ముప్పయ్యో తారీఖున ఆ పిల్లని మిషను గురించి ఎవరూ అడగరు. కొయ్యాలి.

దగ్గు కోశాను. నీళ్ళు కోశాను. మిషను కోశాను. వెనక్కి బొత్తాం వైపు చూడలేదు. 'కనీస' దగ్గర నీ మాట ఆగింది. దాని తర్వాత, దగ్గుకి ముందు, చిన్న బుడిపె ఒకటుంది. తర్వాతి మాటకోసం నువ్వు తీసుకున్న ఊపిరి. మాట రాలేదు, ఊపిరి ఉంది. ఊపిరులన్నీ తీసెయ్యడమే పద్ధతి, శుభ్రంగా ఉంటుంది అని షాపాయన చెప్పాడు. దాన్ని తియ్యలేదు. మైకు మంచివైపు నావైపు తిప్పుకుని, నీ ఊపిరి విని, అది అయినచోట 'హాజరు' అన్నాను. అక్కడినుంచి చివరిదాకా ఆపకుండా చదివాను. ఒక్క ఒత్తు తప్పింది, మళ్ళీ చదివి అతికించాను.

మీ నాన్నకి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఎక్కడ మారిందో తెలిసింది. ఎక్కడ ఆగిందో తెలీలేదు" అన్నాడు.

పంపించాను. గంటన్నరకి ఆ పిల్ల ఫోన్ చేసింది. మొత్తం రాసుకున్నానమ్మా, అయిదూ అయ్యాయి అంది. ఆ 'కనీస' దగ్గర చుక్కల మీద వేలు రెండుసార్లు నడిపాను అంది. పరీక్షకి ఎవరు తీసుకెళ్తారని అడిగాను. ఎవరినైనా చూసుకోవాలి అంది. సోమవారం పొద్దున ఏడింటికి మేమిద్దరం వస్తాం, తయారుగా ఉండు అన్నాను. మీ నాన్న పక్కనుంచి, ఆరున్నరకి, ట్రాఫిక్కుంటుంది అన్నాడు.

మధ్యాహ్నం మిషను కవరు తీశాను. పదిహేను రోజులైంది కదా, బిగుసుకుపోయింది, నూనె వేశాను. మీ నాన్న వంట చేశాడు. ఉప్పెక్కువైంది. అయినా ఇద్దరం కూర్చుని మళ్ళీ వడ్డించుకుని తిన్నాం.

నువ్వు కూడా బాగా తిను.